వెతికినందుకు కూలి

"ఒక్క రెసిస్టరుకు పన్నెండు వందలా, అన్నా?"

ఆ పిలగాడు కొట్లాటకు రాలేదు. నిజంగానే అర్థం కాక అడిగాడు. మిర్యాలగూడ నుంచి బండి మీద, ముందర సంచిలో బోర్డు పెట్టుకొని వచ్చాడు. బిల్లు చూశాడు, బోర్డు చూశాడు, మళ్లీ బిల్లు చూశాడు. నేను మార్చిన రెసిస్టరు, అంటే కరెంటును అదుపుచేసే చిన్న ముక్క, 1 మిల్లీమీటరు పొడవు, అర మిల్లీమీటరు వెడల్పు. పక్కన నువ్వుగింజ పెడితే నువ్వుగింజే పెద్దగా కనబడుతుంది. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి పోయి రీలు కొంటే ఒక్కోటి పైసల్లో పడుతుంది. సామాను లెక్కన చూస్తే అతను అడిగినదాంట్లో తప్పేమీ లేదు.

తప్పు ఆ లెక్కలోనే ఉందని నేనంటాను. నల్లగొండలో 20 ఏళ్ల నుంచి బోర్డులు బాగుచేస్తున్నా. మొదట టీవీలు, తర్వాత ఇన్వర్టర్లు, సెల్‌ఫోన్లు. ఐదారేళ్ల నుంచి బిట్‌కాయిన్ మైనింగ్ యంత్రాల, అంటే రాత్రీ పగలూ లెక్కలు చేసి బిట్‌కాయిన్లు సంపాదించే యంత్రాల, హ్యాష్‌బోర్డులు కూడా వస్తున్నాయి. ఆ లెక్కలు చేసే చిప్పులుండేది ఈ బోర్డుల మీదే. బోర్డు ఏదైనా సరే, మన దగ్గర జనం డబ్బులిచ్చేది మార్చిన సామానుకే. వెతికినందుకు ఎవరూ ఇవ్వరు. అందుకే మా మెకానిక్‌లలో చాలామంది వెతకడం మానేసి మార్చడం నేర్చుకున్నారు. ఈ అలవాటు వల్ల బాగయ్యే బోర్డులు తుక్కులో పడటం రోజూ చూస్తున్నాను. చూసి చూసి మనసొప్పక రాస్తున్నా.

ముందు ఆ బోర్డు సంగతి చెప్పాలి. అది ఆంట్‌మైనర్ ఎస్9ది. బిట్‌మెయిన్ కంపెనీ 2016లో తెచ్చిన యంత్రం. ఇప్పటి లెక్కన ముసలిదే, కానీ ఈ పని నేర్చుకునేవాళ్లకు దాన్ని మించిన బడి లేదు. యంత్రంలో మూడు బోర్డులు, ఒక్కో బోర్డు మీద 63 చిప్పులు. వాటిని మూడేసి చొప్పున 21 గుంపులు చేశారు. గుంపును డొమైన్ అంటాం. డొమైన్లన్నీ సిరీస్‌లో ఉంటాయి, దసరాకు గుడి ముందర కట్టే సీరియల్ బల్బుల దండలాగా. దండలో బల్బులు వోల్టేజీని వంతులేసుకున్నట్టే, బోర్డుకు వచ్చే సుమారు 9 వోల్టులను ఈ 21 డొమైన్లు పంచుకుంటాయి. ఒక్కోదానికి 0.4 వోల్టు పైచిలుకు. ఒక చిప్పు లోపల షార్టయిందంటే ఆ డొమైన్ వాటా సున్నాకు పడిపోతుంది. దాని బరువు మిగతా 20 మోయాలి.

బల్బులైతే వెలిగితే చాలు. ఈ చిప్పులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి కూడా. 25 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ నుంచి వచ్చే, చిప్పులన్నిటినీ ఒకే తాళంలో నడిపే క్లాకు, పని చెప్పే సిగ్నలు, రీసెట్టు, ఇవన్నీ 1వ చిప్పు నుంచి 63వ చిప్పు దాకా చేతులు మారుతూ పోతాయి. జవాబు మాత్రం ఎదురు దారిలో 63 నుంచి 1కి వచ్చి, అక్కడి నుంచి కంట్రోల్ బోర్డుకు చేరుతుంది. బోర్డు నడుస్తున్నప్పుడు క్లాకు మీద 0.9 వోల్టు, పని సిగ్నలు మీద 1.8, జవాబు మీద 1.8, రీసెట్టు మీద 1.8 కనబడాలి. ఈ నాలుగు అంకెలు నోటికొస్తే సగం పని వచ్చినట్టే.

మిగతా సగం, మీటరు నల్ల ప్రోబు ఎక్కడ పెట్టాలో తెలియడం. డొమైన్లు ఒకదాని మీద ఒకటి మెట్లలా ఉన్నాయి కాబట్టి ఒక్కోదాని గ్రౌండు ఒక్కో ఎత్తులో ఉంటుంది. 14వ డొమైన్ గ్రౌండు బోర్డు అసలు గ్రౌండు కంటే ఐదున్నర వోల్టుల పైన ఉంటుంది. నల్ల ప్రోబును బోర్డు అంచున వదిలేసి ఎర్ర ప్రోబుతో అక్కడి జవాబు కొలిస్తే 1.8 రావాల్సిన చోట 7 దాటి వస్తుంది. తెలియనివాడు చిప్పు పోయిందనుకుని పీకేస్తాడు. నేను మొదటి నెలలో ఇట్లాగే రెండు మంచి చిప్పులు పీకాను. ఎర్ర ప్రోబు మెట్టెక్కినప్పుడల్లా నల్ల ప్రోబు కూడా ఎక్కాలి. చివరి డొమైన్లు అంత ఎత్తున ఉండబట్టే వాటి 1.8 వోల్టుల రెగ్యులేటర్లకు ఆ 9 వోల్టులు చాలవు. వాటి కోసం పక్కన బూస్ట్ సర్క్యూట్ ఉంటుంది, 14 వోల్టుల దాకా ఎత్తి ఇస్తుంది. చివరి చిప్పులన్నీ ఒకేసారి మాయమయ్యాయంటే చిప్పుల జోలికి పోకముందే ఆ బూస్టును చూడాలి.

మిర్యాలగూడ బోర్డు పెట్టి యంత్రం ఆన్ చేస్తే లాగ్‌లో, అంటే యంత్రం రాసుకునే చిట్టాలో, చైన్ 7 (ఈ బోర్డు) దగ్గర చిప్పులు సున్నా అని వచ్చింది. సున్నా అంటే 63 చిప్పులూ చచ్చాయని కాదు. జవాబు ఇంటికి చేరడం లేదని. దారి ఒక్కచోట తెగినా సున్నానే.

"ఇంతకుముందు ఎవరికన్న చూపించినవా తమ్మీ?" అని అడిగాను.

"హైదరాబాద్‌ల ఒక షాపుల ఇచ్చిన అన్నా. రెండు చిప్పులు మార్చిన్రు. నెలన్నర మంచిగనే నడిచింది, మల్ల ఆగింది."

భూతద్దం కింద చూస్తే 12, 13 చిప్పుల చుట్టూ, సోల్డరు పట్టడానికి పూసే ఫ్లక్స్ మరక గోధుమరంగులో ఇంకా అట్లాగే ఉంది. కొత్తగా పెట్టిన ఆ రెండు చిప్పులూ బాగానే ఉన్నాయి. పీకేసిన పాతవి కూడా బాగానే ఉండి ఉంటాయి, రోగం అక్కడ లేదు కాబట్టి. మరి నెలన్నర ఎట్లా నడిచింది? చిప్పు మార్చాలంటే బోర్డును కింద నుంచి ప్రీహీటర్ మీద వేడి చేయాలి. లేకపోతే బోర్డులోని రాగి సెగనంతా లాగేసుకుంటుంది, చిప్పును అతికించిన సోల్డరు కరగదు. ఆ వేడికి ఎక్కడో విడివడిన జాయింటు కొన్నాళ్లు అంటుకుంటుంది. బాగుచేశామని షాపువాళ్లనుకున్నారు, బాగైందని ఇతననుకున్నాడు. రెండు చిప్పుల డబ్బు చేతులు మారింది.

నేను ముందు కరెంటు ఇవ్వకుండా 21 డొమైన్ల రెసిస్టెన్సు కొలిచి కాగితం మీద రాశాను. ఇక్కడ అంకె ఎంతన్నది కాదు, పక్కదానితో పోలుతుందా లేదా అన్నది చూడాలి. అన్నీ పోలాయి, అంటే షార్టు లేదు. తర్వాత కరెంటు ఇచ్చాను. ముందు నెగెటివ్, తర్వాత పాజిటివ్, ఆఖరున సిగ్నల్ కేబుల్. విప్పేటప్పుడు తిరగేసి. ఈ వరస తప్పి మంచి బోర్డులను పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. డొమైన్ల వాటాలు సరిగ్గా ఉన్నాయి. బూస్టు సరే. క్లాకు చివరిదాకా సరే. ఇక జవాబు దారి మిగిలింది.

63 చోట్లా వరసగా కొలుచుకుంటూ పోవాల్సిన పని లేదు. సగంలో చూసుకుంటే చాలు. 32వ చిప్పు దగ్గర పెడితే 0.3 వచ్చింది. జవాబు వచ్చేది 63 వైపు నుంచి కదా, అంటే తెగింది దానికి పైన. 48 దగ్గర 1.8. 40 దగ్గర 1.8. 36 దగ్గర 0.3. 38 దగ్గర 0.3. 39 దగ్గర కూడా 0.3. ఆరు కొలతలతో తేలిపోయింది: 40 దగ్గర బయల్దేరిన జవాబు 39కి అందడం లేదు. 39వ చిప్పు 13వ డొమైన్‌లో ఆఖరుది, 40వ చిప్పు 14వ డొమైన్‌లో మొదటిది. రెంటి నడుమ దారిలో ఆ నువ్వుగింజ రెసిస్టరు.

విచిత్రం ఏమిటంటే, మీటరు పెట్టి కొలిస్తే రెసిస్టరు మంచిదే చూపించింది. ప్రోబు తీస్తే బోర్డు మళ్లీ సున్నా. నాలుగైదు సార్లు అట్లా చేశాక అర్థమైంది, ప్రోబు కొన నొక్కుడుకే జాయింటు కలుస్తోంది. నేను కొలిచినప్పుడల్లా బాగవుతోంది, చెయ్యి తీయగానే తెగుతోంది. లెన్సు దగ్గరికి లాగి, లైటు పక్కకు వంచి చూశాను. రెసిస్టరు ఒక చివర సోల్డరు మెరుపు పోయి తెల్లబారింది. అంచు వెంట సన్నగా పచ్చటి చిలుము. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన బ్రష్షుతో తుడిస్తే చిలుముతోపాటు బంకబంకగా గోధుమరంగు పొడి ఊడివచ్చింది. వేళ్ల నడుమ నలిపి వాసన చూశాను. తవుడు.

ఫోన్ చేశాను. "యంత్రం ఏడ పెట్టినవ్ తమ్మీ?"

"మిల్లు ఎనక షెడ్డుల అన్నా. ఆడనైతే త్రీ ఫేజ్ ఉంది, సప్పుడైనా ఎవ్వరేమనరు."

సాగర్ ఎడమ కాలువ కింద పండే వడ్లకు మిర్యాలగూడ చుట్టూ ఎన్ని మిల్లులున్నాయో తెలిసిందే. ఎస్9కి ముందొక ఫ్యాను, వెనకొక ఫ్యాను. రాత్రీ పగలూ గాలి లాగుతూనే ఉంటాయి. ఉత్త దుమ్మయితే బ్లోయర్‌తో ఊదితే పోతుంది. తవుడులో నూనె ఉంటుంది, పట్టుకుంటే వదలదు. ఎండాకాలమంతా అది బోర్డు మీద పొరలా ఎండి ఉంది. ఆషాఢంలో ముసురు పట్టగానే తేమ పీల్చుకుంది. తేమా కరెంటూ కలిసిన చోట సోల్డరును చిలుము తింటుంది. అన్నిటికంటే సన్నగా ఉన్న చోట ముందు తెగుతుంది.

అతనికి ఇదంతా చెప్పాను. రెసిస్టరు మార్చినందుకు 50 రూపాయలు రాస్తా, మిగతాదంతా నీ షెడ్డును కనిపెట్టినందుకు అన్నాను. యంత్రం అక్కడి నుంచి తీయకపోతే ఈ బోర్డు గానీ, పక్కదిగానీ మళ్లీ నా దగ్గరికి వస్తుందని కూడా చెప్పాను. డబ్బులు ఇచ్చాడు, మాట మాత్రం ఎక్కలేదు. నాలుగు నెలలకు అదే యంత్రంలోంచి ఇంకో బోర్డు తెచ్చాడు. సంచి విప్పుతుండగానే తవుడు వాసన వచ్చింది.

మా నాయిన మోటర్ వైండింగ్ చేసేవాడు. నల్లగొండ చుట్టూ బత్తాయి తోటలకు బోర్లే ఆధారం. ఎండాకాలంలో వారం రోజులు మోటరు ఆగిందంటే చెట్టు మీద ఆశ వదులుకోవాల్సిందే. కాలిన మోటరు ట్రాక్టర్ మీద వేసుకొని వచ్చిన రైతు ఒక్క పూట ఆగడానికి ఒప్పుకోడు. నాయిన మాత్రం మోటరు విప్పగానే తీగ చుట్టడానికి కూర్చునేవాడు కాదు. ముందు మాడిన చుట్లు చూసేవాడు. స్టార్ కనెక్షన్ మోటరులో రెండు ఫేజుల చుట్లు బొగ్గయి, మూడోది ఎర్రగా నిగనిగలాడుతుంటే అది సింగిల్ ఫేజింగ్. ఒక ఫేజు రాకున్నా మోటరు ఆగకుండా మిగతా రెంటి మీద గుంజింది. మూడూ సమానంగా మాడాయంటే లోడు ఎక్కువైనట్టు. సింగిల్ ఫేజింగ్ అని తేలితే రైతుతో ఒకటే మాట: "కాకా, స్టార్టర్ డబ్బ తీస్కరా. గది చూడకుంట మోటర్ ఇయ్య."

కొందరు తిట్టుకుంటూ పోయేవాళ్లు. డబ్బా వచ్చాక విప్పి చూస్తే కాంటాక్టుల్లో ఒకటి కాలి గుంట పడి ఉండేది. లేదంటే ఒక ఫేజు పోతే మోటరును ఆపే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్‌ను ఎవరో బైపాస్ చేసి ఉండేవాళ్లు. ఆ డబ్బా బాగుచేయకుండా మోటరు ఒక్కటే చుట్టి ఇస్తే అది నెలకు మళ్లీ కాలుతుంది. మళ్లీ చుట్టాలి, మళ్లీ డబ్బులు. అంటే స్టార్టరు చూడకపోవడమే మా నాయినకు లాభం. ఆయన కూలి హెచ్‌పీ లెక్కన, 5 హెచ్‌పీకి ఇంత, ఏడున్నరకు ఇంత అని ఉండేది. స్టార్టరు చూసినందుకు ఏ ఒక్కరూ రూపాయి ఇవ్వలేదు, ఆయన అడగలేదు. ఆయన నిజాయితీగా వెతికిన ప్రతిసారీ తన రేపటి గిరాకీని తానే పోగొట్టుకున్నాడు. చిన్నప్పుడు అది నాకు గొప్పగా అనిపించేది. ఇప్పుడూ గొప్పదే. కానీ మంచివాడు నష్టపోతేనే పని సరిగ్గా జరిగే పద్ధతి మంచి పద్ధతి కాదని ఇప్పుడు తెలుస్తోంది.

నేనూ ఆ పద్ధతిలో పడ్డవాణ్నే. హ్యాష్‌బోర్డులు కొత్తగా పట్టుకున్నప్పుడు జడ్చర్ల నుంచి ఒకాయన బోర్డు పంపాడు. సున్నా చిప్పులు. అప్పట్లో వీడియోల్లో చూపించేదల్లా ఒకటే: ఫ్లక్సు పూయడం, బ్లోయర్ పెట్టడం, సోల్డరు మళ్లీ కరిగించడం. మీటరు తీయకుండానే 380 డిగ్రీల సెగ పెట్టాను. సీసం లేని సోల్డరు 217 దగ్గర కరుగుతుందని తెలుసు. చిప్పు మీద వేడిని లాగే హీట్‌సింక్ జరుగుతుందని, దాని పక్కన ఉన్న కెపాసిటర్లు ఫ్లక్సు మీద తేలి చోటు మారతాయని తెలియదు. చల్లారాక కొలిస్తే అంతకుముందు బాగున్న మూడు డొమైన్లు షార్టు. అసలు రోగం ఏమిటో చివరిదాకా తెలియనే లేదు, ఎందుకంటే దాన్ని చూడకముందే దాని మీద మూడు కొత్త రోగాలు కప్పేశాను. ఆయనకు బోర్డు ఖరీదు కట్టి ఇచ్చాను. ఆ బోర్డు ఇప్పటికీ నా బల్ల కింద ఉంది, పనికొచ్చే భాగాలు దాంట్లోంచే తీస్తుంటాను. ఎందుకట్లా తొందరపడ్డానని ఆలోచిస్తే జవాబు ఒకటే. ఆయన నన్ను అడిగింది "ఎంతకు చేస్తవ్" అని. "చూసి చెప్పడానికి ఎంత" అని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. చూడటానికి ధర లేనప్పుడు చూసే టైము కూడా ఉండదు.

మన జనం కనబడని పనికి డబ్బులివ్వరని అంటారు. నేను ఒప్పుకోను. పాలమూరులో, నల్లగొండలో బోరు వేయించే ప్రతి రైతూ ముందు నీళ్లు చూసేటాయనను పిలుస్తాడు. ఆయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని చేనంతా తిరుగుతాడు, కాయ నిక్కిన చోట సున్నంతో గుర్తు పెడతాడు. గుర్తు పెట్టగానే ఆయన డబ్బులు ఆయనకు ఇచ్చేస్తారు. బోరు బండి వచ్చి వందల అడుగులు దింపాక ఉత్త దుమ్ము లేచినా ఆ డబ్బు ఎవరూ తిరిగి అడగరు. ఎక్కడ తవ్వాలో చెప్పడం వేరే పని, తవ్వడం వేరే పని అని మన రైతుకు ఎప్పుడో తెలుసు. కొబ్బరికాయ నమ్మకానికి ఇచ్చే విలువ మీటరు ముల్లుకు ఎందుకివ్వరని నేను అడుగుతున్నా.

"చూసినట్టు నటించి డబ్బులు గుంజితే?" అని ఒక మిత్రుడన్నాడు. న్యాయమైన భయమే, సామాను మార్చకుండానే మార్చామని చెప్పే షాపులు కూడా ఉన్నాయి కదా. దానికి నా దగ్గర ఉన్న మందు కాగితం. ఏ చిప్పు దగ్గర ఏ సిగ్నలు ఎంత చూపిందో, కరెంటు లేనప్పుడు ఏ డొమైన్ రెసిస్టెన్సు ఎంతో, కొలిచింది కొలిచినట్టు రాసి సంతకం పెట్టి ఇస్తాను. ఆ కాగితం పట్టుకొని ఇంకో మెకానిక్ దగ్గరికి పోయి అవే చోట్ల మీటరు పెట్టించుకోవచ్చు. నేను అబద్ధం రాస్తే పది నిమిషాల్లో బయటపడుతుంది. మార్చిన చిప్పు మంచిదా చెడ్డదా అన్నది మాత్రం అది చెత్తబుట్టలో పడ్డాక ఎవరూ చెప్పలేరు. దొంగతనానికి ఎక్కువ చోటు ఉన్నది మార్చడంలోనే.

వెతకడం కష్టం కావడానికి కంపెనీల పాత్ర కూడా ఉంది. ఎస్9 లాంటి పాత వాటికి కొలత పాయింట్ల వివరాలు దొరికాయి కాబట్టి ఈ మాత్రం చేయగలుగుతున్నాం. కొత్తవి మరీ బిగుసుకుపోయాయి. ఎస్19లో బోర్డుకు 76 చిప్పులు. ఆ తర్వాతి కొన్ని మోడళ్లలో బోర్డే అల్యూమినియం పలక మీద ఉంటుంది. కింద నుంచి సెగ ఎక్కించడమే పెద్ద పని. చేతిలో సర్క్యూట్ బొమ్మ లేకుండా అట్లాంటి దాని మీద వెతకడం చీకట్లో సూది వెతకడమే. కేంద్రంలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో రిపేరు హక్కు మీద కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, సెల్‌ఫోన్లు, ఇంటి సామాన్లు, బండ్లు, ఈ నాలుగు రంగాలతో మొదలుపెట్టింది. మంచిదే. మాన్యువళ్లు, విడిభాగాలు ఇవ్వాలని అడగడం కచ్చితంగా సరైనదే. 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఈ-వేస్ట్ నిబంధనలు కూడా వచ్చాయి, పాత బోర్డులను పద్ధతిగా రీసైకిల్ చేయించే బాధ్యత తయారుచేసినవాళ్ల మీద పెట్టాయి. అదీ మంచిదే. కానీ మాన్యువల్ చేతికొచ్చాక దాన్ని ముందర పెట్టుకొని ఒక పూట కూర్చునేవాడికి కూలి ఎవరిస్తారు? ఆ సంగతి ఢిల్లీలో తేలేది కాదు. మన షాపు బల్ల మీద, మనకూ గిరాకీకీ మధ్య తేలాలి.

ఇంకొకటి కూడా చెప్పాలి, లేకపోతే నేను మైనింగ్‌ను ఎగదోస్తున్నానని అనుకుంటారు. ఎస్9 ఒక్కటి 1,300 వాట్లకు పైనే తాగుతుంది, రోజుకు 31, 32 యూనిట్లు. ఆ కరెంటంతా చివరికి వేడిగానే బయటికి వస్తుంది, మే నెల నల్లగొండలో గదిలో హీటర్ పెట్టుకున్నట్టే. 2024 ఏప్రిల్‌లో బ్లాకుకు, అంటే లెక్క ఒకసారి తేల్చినందుకు, వచ్చే బిట్‌కాయిన్లు 6.25 నుంచి 3.125కు తగ్గాయి. వచ్చినదాన్ని అమ్మితే లాభం మీద 30 శాతం పన్ను, యంత్రాలకు పెట్టిన ఖర్చు అందులో తీసేసుకోవడానికి లేదు. మన కరెంటు రేట్లకు పాత యంత్రం గిట్టదని నా దగ్గరికి వచ్చే ప్రతివాడికీ బోర్డు తీసుకోకముందే చెబుతాను. బోరు కనెక్షన్ మీద నడుపుకుంటా అని ఒకతను వచ్చాడు. రైతు కోసం ఇచ్చిన ఉచిత కరెంటు అది, ఇట్లా వాడితే 2003 కరెంటు చట్టం కింద కేసవుతుందని చెప్పి బోర్డు వాపసిచ్చి పంపించాను.

అయినా ఈ బోర్డులు తీసుకుంటాను. ఎందుకంటే ఇంత శుద్ధంగా వెతకడం నేర్పే వస్తువు నాకు ఇంకోటి దొరకలేదు. 63 చిప్పులు, అన్నీ ఒకే రకం, వరసగా. తప్పు ఎక్కడుందో పక్కదాన్ని చూసి తెలుసుకోవచ్చు. దీని మీద చెయ్యి కుదిరిన ఇద్దరు పిల్లలు నా దగ్గర ఇప్పుడు ఇన్వర్టర్ ఏసీ బోర్డులు చూస్తున్నారు. వేలకు వేలు పోసి బోర్డు మొత్తం మార్చాలని సర్వీసువాళ్లు చెప్పినవాటిలో కొన్ని చిన్న కెపాసిటర్‌తో, ఒక డయోడ్‌తో లేచి నిలబడుతున్నాయి. వాళ్లకు జీతం ఇవ్వాలంటే వాళ్లు మీటరు పట్టుకున్న గంటలకు డబ్బు రావాలి. మార్చిన డయోడ్ ఖరీదుతో ఇద్దరు మనుషులు బతకరు.

అందుకని ఈ ఉగాది నుంచి షాపులో అట్ట మీద రాసి పెట్టాను: "చూసి చెప్పినందుకు 500. అయినా, కాకున్నా." మొదటి నెల సగం మంది అట్ట చదివి వెనక్కి పోయారు. పాత గిరాకీలే ఎక్కువ బాధపడ్డారు. ఒక పెద్దాయన, "మీ నాయిన ఉత్తగ చూస్తుండె" అన్నాడు. నిజమే అన్నాను. అట్ట తీయలేదు.

మొన్న దేవరకొండ వైపు నుంచి ఒక రైతు సోలార్ పంపు కంట్రోలర్ తెచ్చాడు. అట్ట చూపించాను. కొంచెంసేపు చూసి, "ఎందుకు వోయిందో చెప్తవా?" అని అడిగాడు. చెబుతానన్నాను. 500 బల్ల మీద పెట్టి స్టూలు లాక్కొని కూర్చున్నాడు. విప్పితే లోపల రెండు టెర్మినళ్ల మధ్య మాడి అతుక్కుపోయిన బల్లి. దాని కింద రాగి ఆవిరైపోయి బోర్డుకే చిల్లు పడింది. పవర్ మాడ్యూల్ పోయింది, దాన్ని నడిపే చిప్పు పోయింది. ఎక్కడెక్కడ ఎంత వచ్చిందో కొలిచి రాశాను. ఇది బాగుకాదు కాకా, కొత్తది కొనాల్సిందే అని చెప్పాను. కేబుల్ లోపలికి వచ్చే రంధ్రానికి రబ్బరు బిరడా ఊడిపోయి ఉంది, బల్లి అందులోంచే దూరింది. కొత్త డబ్బా బిగించే రోజే ఆ రంధ్రం మూయించమని కాగితం కింద పెద్ద అక్షరాలతో రాసి చేతికిచ్చాను.

ఆయన డబ్బు తిరిగి అడగలేదు. కాగితం చేతిలో పట్టుకొని, ఆ కింద రాసిందేంటో ఇంకోసారి చదవమన్నాడు. చదివాను. నాలుగు మడతలు పెట్టి అంగీ జేబులో పెట్టుకొని, మాడిన డబ్బా భుజానికెత్తుకొని బస్టాండ్ దిక్కు పోయాడు.